పర్యావరణ చిత్రోత్సవాలకు మీ సినిమా పంపడం ఎలా: హైదరాబాద్ దర్శకులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో పర్యావరణం మీద సినిమా తీసేవాళ్లకు కథల కొరత లేదు. 1908 వరద తర్వాత మూసీని అదుపు చేయడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, వాటిని కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో, జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా 2016లో గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు, 2025లో దేశమంతా చర్చించిన కంచ గచ్చిబౌలి, ఒక్కోటీ ఒక్కో సినిమాకు సరిపడే విషయం. తీస్తున్నవాళ్లూ ఉన్నారు. ఫోనుతో తీసినవైనా, అరువు తెచ్చిన కెమెరాతో తీసినవైనా వాటిలో మంచి సినిమాలున్నాయి. స్నేహితుల మధ్య ఒకటి రెండు ప్రదర్శనలు వేసుకున్నాక అవి హార్డ్ డిస్కులో పడి ఉండటం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చిత్రోత్సవానికి ఎంట్రీ పంపడమంటే ఫారం నింపి, ఫీజు కట్టి, లింకు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. ఆ పని ఒక పూటలో అయిపోతుంది. అనుమతి పత్రాలు, సమ్మతి పత్రాలు, సంగీతం హక్కులు, సబ్‌టైటిళ్లు మాత్రం షూటింగ్‌తో పాటే సిద్ధం కావాలి. గడువుకు వారం ముందు వెతుక్కుంటే దొరకవు. అందుకే ఇక్కడ ఫారం గురించి తక్కువగా, దాని వెనక ఉండవలసిన వాటి గురించి ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: సినిమా ఎవరు చూడాలి?

పర్యావరణ చిత్రోత్సవాలన్నీ ఒకే రకం సినిమా కోసం చూడవు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1982లో మొదలైన వైల్డ్‌స్క్రీన్, అమెరికాలో 1991లో మొదలైన జాక్సన్ వైల్డ్, మోంటానా రాష్ట్రంలోని మిజూలాలో 1977 నుంచి సాగుతున్న అంతర్జాతీయ వన్యప్రాణి చిత్రోత్సవం ప్రధానంగా వన్యప్రాణులు, వాటి సంరక్షణ మీద దృష్టి పెడతాయి. ప్రకృతి చిత్రాల రంగంలో పనిచేసే నిర్మాతలు, శాస్త్రవేత్తలు అక్కడ కలుస్తారు. వాషింగ్టన్‌లో 1993లో మొదలైన పర్యావరణ చిత్రోత్సవం పరిధి ఇంకా పెద్దది. నీరు, నేల, కాలుష్యం, వాతావరణ మార్పు, అన్నీ అందులోకి వస్తాయి. మన దేశంలో సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ 2002లో ప్రారంభించిన వాతావరణ్, 2020లో వచ్చిన ఆల్ లివింగ్ థింగ్స్ చిత్రోత్సవం ఈ రంగానికే ప్రత్యేకం. 1990 నుంచి జరుగుతున్న ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం, తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నిర్వహించే అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవం పర్యావరణానికే పరిమితం కావు. అక్కడ మీ సినిమా సినిమాగానే నిలబడాలి.

ఇప్పుడు మీ సినిమా వైపు చూడండి. నగరం అంచున ఓ చెరువు, దానిమీద బతికే మత్స్యకారులు, ఏటా ముందుకు జరిగే ప్లాట్ల హద్దురాళ్లు మీ కథ అయితే దాన్ని ముందు చూడవలసినది మన దేశంలోని ప్రేక్షకులు, అధికారులు, ఇతర నగరాల చెరువుల కోసం పోరాడుతున్నవాళ్లు. దేశీయ పర్యావరణ చిత్రోత్సవాలతో మొదలుపెట్టండి. వనస్థలిపురం జింకల పార్కులో కృష్ణజింకల ప్రవర్తనను ఓపికగా రెండు రుతువుల పాటు చిత్రించారా? అయితే వన్యప్రాణి చిత్రోత్సవాలే సరైన చోటు. పేరు పెద్దదని ముందు బ్రిస్టల్‌కే పంపాలన్న తొందరను నేను సమర్థించను. అక్కడ ఏళ్ల తరబడి చిత్రీకరించిన టీవీ సంస్థల సినిమాలతో పోటీ ఉంటుంది. పంపదలిస్తే కొత్త దర్శకుల కోసమో, చిన్న బడ్జెట్ సినిమాల కోసమో ప్రత్యేక విభాగం ఉందేమో చూసి దానికే పంపండి.

మొత్తం మీద నాలుగైదు చిత్రోత్సవాలు చాలు. ప్రతిదాని గత సంవత్సరపు ఎంపిక జాబితా తీసి, అందులో కనీసం రెండు సినిమాలైనా వెతికి చూడండి. ఎంపిక చేసేవాళ్ల అభిరుచి ప్రకటనల కంటే ఆ సినిమాల్లోనే బాగా తెలుస్తుంది.

రెండో మెట్టు: నిబంధనలు చదవడం

నిబంధనల పేజీ మొత్తం చదవాలి. ముఖ్యంగా మూడు విషయాలు చూడండి. ఒకటి, నిడివి. లఘుచిత్రమంటే ఒకచోట 20 నిమిషాలు, మరోచోట 30, ఇంకోచోట 40. టైటిళ్లతో కలిపి లెక్కిస్తారు కాబట్టి 30 నిమిషాల 40 సెకన్ల సినిమా 30 నిమిషాల విభాగంలోకి రాదు. రెండు, పూర్తయిన తేదీ. చాలా చిత్రోత్సవాలు గత ఒకటి రెండేళ్లలో పూర్తయినవాటినే తీసుకుంటాయి.

మూడోది ప్రీమియర్ నిబంధన, అంటే సినిమా మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలన్న షరతు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సినిమా పూర్తికాగానే యూట్యూబ్‌లో పెట్టేయాలన్న ఆత్రం సహజమే, పైగా చెరువు కబ్జా లాంటి విషయమైతే వెంటనే జనంలోకి వెళ్లాలనిపిస్తుంది. అయితే ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉన్న సినిమాను కొన్ని చిత్రోత్సవాలు తీసుకోవు. మరికొన్ని ప్రపంచ ప్రీమియర్, ఆసియా ప్రీమియర్, భారత ప్రీమియర్ అని మెట్లు పెడతాయి. కాబట్టి వరుస ముందే నిర్ణయించుకోవాలి. ప్రపంచ ప్రీమియర్ అడిగే చిత్రోత్సవం ముందు, భారత ప్రీమియర్ చాలనేది తర్వాత, ఏమీ అడగనివి ఆ తర్వాత, యూట్యూబ్ చివర. విషయం నిజంగా అత్యవసరమైతే, అంటే చెట్లు రేపో ఎల్లుండో కొట్టేస్తారంటే, చిత్రోత్సవాన్ని పక్కన పెట్టి సినిమాను వెంటనే విడుదల చేయండి. నాకు ఆ విషయంలో రెండో ఆలోచన లేదు. మూడు నిమిషాల వీడియో ముందు విడుదల చేసి, పూర్తి సినిమాను చిత్రోత్సవాల కోసం దాచుకోవడం కూడా చాలాసార్లు కుదురుతుంది.

మూడో మెట్టు: కాగితాలు

అడవికి సంబంధించినవి ముందు. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, మూడూ జాతీయ పార్కులు. అభయారణ్యాల్లోకి ప్రవేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇస్తారు. జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. 2022 సవరణతో ఆవాసానికి, జంతువులకు హాని లేకుండా సినిమా తీయడం అన్న మాట ఆ సెక్షన్‌లో స్పష్టంగా చేరింది. తెలంగాణలో దరఖాస్తు అరణ్య భవన్‌కు వెళుతుంది. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యాలైతే ఇంకా ముందుగా కదలాలి. సందర్శకుడి టికెట్టు మీద లోపలికి వెళ్లి తీసిన దృశ్యాలకు ‘అనుమతి పత్రం జతచేయండి’ అన్న గడి దగ్గర జవాబు ఉండదు.

డ్రోన్ సంగతి హైదరాబాద్‌లో మరీ జాగ్రత్తగా చూడాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, ఇన్ని విమానాశ్రయాలు, వైమానిక స్థావరాల మధ్య ఉన్న నగరం ఇది. హుస్సేన్‌సాగర్ మీద డ్రోన్ ఎగరేయాలనుకునేవాళ్లు బేగంపేట ఎంత దగ్గరో గుర్తుంచుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విభజించారు. పసుపు జోన్‌లో విమాన రాకపోకల నియంత్రణ విభాగం అనుమతి, ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ జోన్లను చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో మీ చెరువు ఏ రంగులో ఉందో షూటింగ్‌కు ముందే చూసి, ఆ పేజీని తేదీతో సహా భద్రపరచండి. చట్టం ఒప్పుకున్నా, పక్షులు గూళ్లు కట్టుకున్న చెట్ల మీద డ్రోన్ ఎగరేయకండి. తల్లి పక్షి లేచిపోయిన ఆ కాసేపట్లోనే గుడ్లు కాకుల పాలవుతాయి. ఆ షాటు చూసిన జ్యూరీ సభ్యుడికి అందం కంటే ముందు కనిపించేది పక్షుల బెదురే.

మనుషుల సమ్మతి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. సమ్మతి పత్రం తెలుగులోనో, ఉర్దూలోనో, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు ఒప్పుకున్న మాటను కెమెరాలో రికార్డు చేయండి. సినిమా ఎక్కడ ప్రదర్శిస్తారు, ఇంటర్నెట్‌లో పెడతారా, డబ్బు వస్తుందా, ఈ మూడూ చెప్పి తీరాలి. రాత్రిపూట నాలాలోకి రసాయన జలాలు వదిలే పైపును మీకు చూపించిన మనిషి అదే ఊళ్లో, బహుశా అదే పరిశ్రమలో పనిచేస్తూ ఉంటాడు. అతని ముఖం, గొంతు, వెనక కనిపించే ఇల్లు, బండి నంబరు, అన్నీ ఆలోచించాలి. ముఖం మసక చేయడం ఫైనల్ కాపీలో చూసుకుందాంలే అనుకోవద్దు. ఎంపిక కోసం పంపిన లింకును పరిచయం లేని ఎంతోమంది చూస్తారు. మొదటి లింకు పంపే నాటికే ఆ పని అయిపోవాలి.

జంతువుల చిరునామాను కూడా అలాగే దాచాలి. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువుల దొంగ వ్యాపారం కోసం పట్టుకుపోతారు, గుడ్లగూబలను దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం పడతారు. సినిమాలో గుట్ట పేరు చెప్పకపోయినా, ప్రచారం కోసం పంపే ఫోన్ ఫొటోల్లో జీపీఎస్ వివరాలు ఉండిపోతాయి. ఫొటో అప్‌లోడ్ చేసేముందు ఆ సమాచారాన్ని తొలగించండి. వన్యప్రాణి చిత్రోత్సవాల్లో కొన్ని మరో ప్రశ్న అడుగుతాయి: ఏదైనా జంతువును బంధించి, ఎర వేసి, లేదా రికార్డు చేసిన కూత వినిపించి తీశారా? నిజం రాయండి. జూలో తీసిన షాటును అడవిలోదిగా చూపిస్తే అది సినిమా మొత్తం మీద నమ్మకాన్ని పోగొడుతుంది.

సంగీతం సంగతి క్లుప్తంగా. సినిమా పాట నేపథ్యంలో ఐదు సెకన్లు వినిపించినా హక్కులు కావాలి. టీ కొట్టు రేడియోలోంచి వచ్చినా అంతే. ఉచిత సంగీతం వాడితే ఆ లైసెన్సులో ‘వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే’ అని ఉందేమో చూడండి. టికెట్టు అమ్మే ప్రదర్శనలో అది చిక్కు తెస్తుంది. వాద్యం తెలిసిన స్నేహితుడి చేత కొత్తగా వాయించుకుని ఓ ఒప్పంద పత్రం రాసుకోవడం అన్నిటికన్నా మేలు.

నాలుగో మెట్టు: నిజాలు సరిచూసుకోండి

పర్యావరణ చిత్రోత్సవాల జ్యూరీలో శాస్త్రవేత్తలు ఉంటారు. దిగుమతి చేసుకున్న సౌండ్ లైబ్రరీలోని అమెరికా పక్షి కూత అమీన్‌పూర్ చెరువు దృశ్యం కింద వినిపిస్తే వాళ్లకు తెలిసిపోతుంది. పుష్యమాసపు పొగమంచు షాటుకు, వేసవి ముఖంలో జోరుగా కూసే కోయిల గొంతు తగిలించినా తెలుస్తుంది. వీలైనంత వరకు అక్కడ, ఆ రుతువులో మీరే రికార్డు చేసిన ధ్వనిని వాడండి.

చట్టపరమైన వివరాలకూ ఇదే పట్టింపు కావాలి. వ్యాఖ్యానంలో 111 జీవో జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించిందని చెబితే, 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69 జీవో వచ్చిన సంగతీ చెప్పాలి. సగం చెబితే మీ వాదనకు ఎదురుగా నిలబడినవాళ్లకు మీరే ఆయుధం ఇచ్చినట్టు. సినిమాలో వచ్చే ప్రతి అంకెకూ ఆధారాన్ని ఒక పట్టికలో రాసి ఉంచండి. జాతుల పేర్ల విషయంలో సందేహం వస్తే అడగడానికి ఈ నగరంలో మనుషులున్నారు. అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జాతుల మీద పనిచేసే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది, విశ్వవిద్యాలయాల్లో జంతుశాస్త్ర విభాగాలున్నాయి, ఆదివారాలు చెరువుల వెంట తిరిగే పక్షి పరిశీలకులున్నారు. మర్యాదగా అడిగితే చాలామంది సాయం చేస్తారు.

ఐదో మెట్టు: సబ్‌టైటిళ్లు

తెలుగు సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు దాదాపు ప్రతిచోటా తప్పనిసరి. తెరమీద ఒకేసారి రెండు వరుసలకు మించకూడదు, వరుసకు సుమారు 42 అక్షరాలు, కనీసం ఒక సెకను నిలవాలి. మత్స్యకారుడు వేగంగా మాట్లాడినప్పుడు ప్రతి మాటనూ ఎక్కించాలని చూస్తే ప్రేక్షకుడు చదువుతూనే ఉంటాడు, చెరువును చూడడు. సారం తగ్గకుండా కుదించండి. పూర్తయ్యాక తెలుగు బొత్తిగా రాని ఒకరిని కూర్చోబెట్టి చూపించండి. ఎక్కడ కళ్లు చిట్లిస్తారో అక్కడ సరిచేయాలి. సబ్‌టైటిళ్లను విడిగా ఎస్ఆర్‌టీ ఫైలుగానూ (మాటలు, అవి కనిపించే సమయాలు ఉండే టెక్స్ట్ ఫైలు), తెరమీదే ముద్రించిన కాపీగానూ రెండు రకాలుగా ఉంచుకోండి.

తెలుగు టైటిల్ కార్డులనూ ఒకసారి చూడండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. ‘మత్స్యకారుడు’ అన్న మాటలో త కింద ఉండవలసిన స, య ఒత్తులు పక్కకు జరిగి పొల్లుగా మారి కనిపిస్తాయి. ఎడిటింగ్ తెరమీద బాగున్నది ఎక్స్‌పోర్ట్‌లో చెడిపోవచ్చు. అందుకే తయారైన ఫైలునే మొదటి నుంచి చివరిదాకా చూడాలి.

ఆరో మెట్టు: సారాంశం, దర్శకుడి మాట

సారాంశాన్ని మూడు కొలతల్లో రాసి పెట్టుకోండి: ఒక్క వాక్యం, 50 మాటలు, 150 నుంచి 200 మాటలు. ఎంపిక చేసేవాళ్లు సినిమా కంటే ముందు చదివేది దీన్నే. తరచుగా కనిపించే రకం ఇలా ఉంటుంది:

‘నగరీకరణ వల్ల ప్రకృతికి, మనిషికి మధ్య తెగిపోతున్న అనుబంధాన్ని ఈ చిత్రం హృద్యంగా ఆవిష్కరిస్తుంది.’

ఇది వంద సినిమాలకు సరిపోతుంది కాబట్టి మీ సినిమాకు సరిపోదు. అదే చెరువు కథను ఇలా రాసి చూడండి:

‘గుర్రపు డెక్క కప్పేసిన చెరువులో చేపలు దొరకక, ఒక మత్స్యకారుడు అదే డెక్కను తొలగించే రోజుకూలీగా చేరతాడు. అతను శుభ్రం చేసిన ఒడ్డు మీదికి వారం తిరక్కుండా ప్లాట్ల హద్దురాళ్లు వస్తాయి.’

మనిషి ఉన్నాడు, పని ఉంది, చిక్కు ఉంది. ‘హృద్యంగా’ అన్న మాట అవసరం రాలేదు.

దర్శకుడి మాటలో ప్రకృతి గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. ఆ చోటుతో మీకున్న సంబంధం చెప్పండి. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు కెమెరా నేర్చుకుని తమ పొలాలు, తమ విత్తనాల గురించి తామే సినిమాలు తీశారు. బయటినుంచి వచ్చిన బృందానికి దొరకని దగ్గరితనం వాళ్లకుంది. మీరు ఆ చెరువు పక్కనే పెరిగినవారైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. బయటివారైతే ఎంతకాలం వెళ్లివచ్చారో, ఎవరు దారి చూపారో రాయండి.

ఏడో మెట్టు: ఫైలు, ఫారం, ఫీజు

ఎంపిక కోసం 1080 రిజల్యూషన్‌లో హెచ్.264 ఫైలు (పరిమాణం తగ్గించిన మామూలు వీడియో ఫైలు) సరిపోతుంది. విమియో లాంటి చోట పాస్‌వర్డ్‌తో పెట్టి, డౌన్‌లోడ్ సౌకర్యం ఆపేయండి. ఫలితాలు వచ్చేదాకా పాస్‌వర్డ్ మార్చకూడదు. ఎంపికయ్యాక ప్రోరెస్ అనే ఎక్కువ నాణ్యత ఉన్న ఫైలో, థియేటర్ ప్రదర్శనకు డీసీపీయో (థియేటర్ ప్రొజెక్టర్ల కోసం తయారుచేసే డిజిటల్ ప్రతి) అడుగుతారు. డీసీపీ చేయించడానికి హైదరాబాద్‌లో పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలు చాలానే ఉన్నాయి. తయారయ్యాక ఆ ప్రతిని ఒకసారి పెద్ద తెరమీద వేసి చూపించమని అడగండి.

ఒకే ఫోల్డరులో ఇవన్నీ ఉంటే ఏ చిత్రోత్సవానికైనా గంటలో పంపవచ్చు: సినిమా ఫైలు, ట్రైలర్, సబ్‌టైటిళ్లు, సంభాషణల పూర్తి పాఠం, మూడు సారాంశాలు, దర్శకుడి పరిచయం, ఫొటో, ముద్రణకు పనికొచ్చే నాలుగైదు స్టిల్స్, పోస్టర్, సాంకేతిక నిపుణుల జాబితా, అనుమతి, సమ్మతి పత్రాలు.

చాలా చిత్రోత్సవాలు ఫిల్మ్‌ఫ్రీవే అనే వెబ్‌సైటు ద్వారా ఎంట్రీలు తీసుకుంటాయి. ఒకసారి ప్రాజెక్టు పేజీ తయారు చేసుకుంటే అన్నిటికీ అదే పనికొస్తుంది. ఫీజు తరచుగా డాలర్లలో ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల వల్ల మన కార్డుల మీద విదేశీ చెల్లింపులు మనం కోరితేనే మొదలవుతాయి. బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యాన్ని ముందే తెరిచి, పని అయ్యాక మూసేయండి. ముందస్తు గడువులో ఫీజు తక్కువ, చివరి గడువులో ఎక్కువ. గడువు ఏ దేశపు సమయమో చూడండి. మన గడియారం న్యూయార్క్ కంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది.

ఫీజు భారమైతే మినహాయింపు అడగడానికి మొహమాటపడకండి. గడువుకు చాలా ముందుగా, మీరెవరు, సినిమా దేని గురించి, ఎందుకు కట్టలేకపోతున్నారు, ఈ మూడు విషయాలు ఐదారు వాక్యాల్లో రాస్తే చాలు. విద్యార్థులకు, స్వతంత్ర దర్శకులకు ఇచ్చే చిత్రోత్సవాలున్నాయి.

డబ్బు కోసమే నడిచే పోటీలు

నెలనెలా అవార్డులు ప్రకటిస్తూ, లెక్కలేనన్ని విభాగాలు పెట్టి, ప్రదర్శన మాత్రం ఎక్కడా జరపని పోటీలు ఇంటర్నెట్‌లో విరివిగా ఉన్నాయి. పచ్చని ఆకుల బొమ్మ, భూగోళం బొమ్మ చూసి మోసపోవద్దు. గత ఏడాది ఏ హాలులో, ఏ తేదీన ప్రదర్శించారు? జ్యూరీ పేర్లు ఉన్నాయా? గెలిచాక ట్రోఫీకి, సర్టిఫికెట్‌కు మళ్లీ డబ్బు అడుగుతున్నారా? మొదటి రెండింటికి జవాబు దొరక్కపోయినా, మూడోదానికి అవునని వచ్చినా ఆ డబ్బు సబ్‌టైటిళ్ల మీద పెట్టండి.

ఎంపికయ్యాక, కాకపోయాక

ఎంపిక లేఖ రాగానే దానికి గడువులోగా అంగీకారం పంపి, అడిగిన ప్రతిని అడిగిన రూపంలో చేర్చండి. ప్రదర్శన మన దేశంలో అయితే, సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాలకు సాధారణంగా నిర్వాహకులే సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. వాళ్లు అడిగే వివరాలు మాత్రం ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. ప్రదర్శన తర్వాత జరిగే చర్చకు ఒక్క పేజీ కాగితం తీసుకెళ్లండి: ఆ చెరువు ప్రస్తుత పరిస్థితి, ఏ శాఖ దగ్గర ఏ ఫిర్యాదు ఉంది, చూసినవాళ్లు ఏం చేయగలరు. సినిమా చూసి కదిలిపోయిన మనిషి ఆ పది నిమిషాల్లోనే అడుగుతాడు, అప్పుడు చేతిలో జవాబు ఉండాలి.

ఎంపిక కాకపోతే కారణం చెప్పమని ఒత్తిడి చేయవద్దు. చాలాచోట్ల చెప్పరు. రెండు మూడు చోట్ల వరుసగా రాకపోతే సినిమా మొదటి మూడు నిమిషాలు మళ్లీ చూడండి. ఎంట్రీలు గుట్టలుగా వచ్చే చోట ఆరంభం మీదే చాలా ఆధారపడుతుంది. డ్రోన్ షాటు మీద వ్యాఖ్యానంతో మొదలైతే దాన్ని తీసేసి, వల విసిరే చేతులతో మొదలుపెట్టి చూడండి. కొత్త కూర్పు తయారైతే అదే లింకులో పాతదాని స్థానంలో పెట్టవచ్చు.

ఫలితం ఏదైనా, సినిమాలో కనిపించిన ఊరివాళ్లకు బయటివాళ్ల కంటే ముందే ఒక ప్రదర్శన వేయండి. చెరువు కట్ట మీద ప్రొజెక్టరు పెట్టి సినిమాలో పాల్గొన్నవాళ్లను, వాళ్ల కుటుంబాలను పిలిస్తే చాలు. ఈ ప్రదర్శన ప్రీమియర్ లెక్కలోకి వస్తుందో రాదో ఆ చిత్రోత్సవ నిర్వాహకులను ముందుగా మెయిలులో అడిగి, వాళ్ల జవాబును మిగతా కాగితాలతో పాటు అదే ఫోల్డరులో పెట్టుకోండి.